అవయవదానం: ఇచ్చేది ఎవరు?

అవయవదానం గురించి మన సభల్లో ఎవరు మాట్లాడినా శిబి చక్రవర్తితో ఎత్తుకుని దధీచితో ముగిస్తారు. ఆ పోలిక నాకు ఎప్పుడూ పొసగలేదు. శిబి తన తొడ తానే కోసి ఇచ్చాడు, దధీచి తన ఎముకలు తన ఇష్టంతోనే ఇచ్చాడు. బ్రెయిన్‌డెడ్ అయిన మనిషి ఏమీ ఇవ్వలేడు. ఇచ్చేది ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్న భార్య, తండ్రి, కొడుకు. అతను ఏనాడో ప్రతిజ్ఞాపత్రం నింపి ఉన్నా సరే, ఆ గడియలో వాళ్లు వద్దంటే మన ఆస్పత్రుల్లో పని ముందుకు సాగదు. అందుకే దీన్ని ఒక వ్యక్తి చేసే త్యాగంగా కాక, ఒక కుటుంబం చేసే నిర్ణయంగా చూడాలన్నది నా వాదం. అలా చూసినప్పుడు మన కుటుంబాల గురించి అంత వినసొంపుగా లేని సంగతి ఒకటి బయటపడుతుంది.

2023లో దేశంలో 18 వేలకు పైగా అవయవ మార్పిడులు జరిగాయి. చనిపోయాక అవయవాలిచ్చిన వారి సంఖ్య ఆ ఏడు వెయ్యి దాటిందని సంతోషించాం. కానీ ఆ 18 వేలలో అయిదింట నాలుగు వంతులకు పైగా బతికున్నవాళ్ల ఒంట్లోంచి తీసినవే. ఎవరు వాళ్లు? జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో లెక్కల ప్రకారం 2019 నుంచి 2023 దాకా బతికుండగా ఇచ్చినవారిలో నూటికి 60 మందికి పైగా ఆడవాళ్లు. పుచ్చుకున్నవారిలో ఆడవాళ్లు 30 శాతం దగ్గరే ఆగిపోయారు. మగవాళ్లలో బీపీ, షుగర్ ఎక్కువ కనుక దాతలుగా పనికిరారనీ, తాగుడు వల్ల కాలేయం చెడేది కూడా ఎక్కువగా వాళ్లకేననీ కొందరు సమాధానం చెబుతారు. అందులో కొంత నిజం ఉంది. అయినా ఇంత తేడాకి అదొక్కటే కారణమంటే నమ్మబుద్ధి కాదు. సంపాదించేవాడి ఒంటి మీద కత్తి పడకూడదన్నది ఇంట్లో ఎవరూ పైకి అనకుండానే తీర్మానమైపోతుంది. ఆ తర్వాత తల్లినో భార్యనో ఎవరూ అడగనక్కర్లేదు, ఆమే ముందుకొస్తుంది. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నావా అని అనుమతి ఇచ్చేవాళ్లు అడిగినప్పుడు, అత్తింటివాళ్లు బయట కూర్చుని ఉండగా ఆమె ఏం చెప్పగలదు? చనిపోయినవాళ్ల నుంచి రావలసినవి రాకపోతే ఆ భారం పడేది ఇలాంటి ఆడవాళ్ల మీదే.

మరణానంతర దానానికి మొదటి అభ్యంతరం నమ్మకం. శరీరం సంపూర్ణంగా ఉంటేనే సద్గతి, లేకపోతే వచ్చే జన్మలో అంగవైకల్యం అనే అభ్యంతరం ఇప్పటికీ గట్టిగానే వినిపిస్తుంది. రోడ్డు ప్రమాదంలో పోయిన మనిషికి పోస్టుమార్టం ఎలాగూ తప్పదు. అవయవాలు తీశాక కుట్లు వేసి అప్పగించిన దేహానికి అన్ని క్రియలూ జరిపించుకోవచ్చు. అసలు ఆచారం కదలదనేవాళ్లు మన ఇళ్లకేసి ఒకసారి చూడాలి. డాలస్ నుంచి కొడుకు దిగేదాకా తండ్రిని రెండు రోజులు ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచుతున్నాం. సెలవు లేదని పెద్దకర్మను ముందుకు జరుపుతున్నాం, విమానం టికెట్టును బట్టి తిథుల్ని సర్దుకుంటున్నాం. వీటిని నేను తప్పుపట్టను. బతికున్నవాళ్ల వీలు కోసం ఇంత సర్దుకున్న శాస్త్రం, బతకవలసినవాళ్ల కోసం మాత్రం ఎందుకు బిగుసుకుంటుంది? కళ్ల విషయంలో బ్రెయిన్‌డెడ్ అయి ఉండాలన్న చిక్కు కూడా లేదు. ఇంట్లో మామూలుగా పోయినవాళ్ల నుంచి కూడా కార్నియా తీసుకోవచ్చు. కాకపోతే ఆరు గంటల్లోపు తీయాలి. కొడుకు విమానం దిగేదాకా అది ఆగదు.

రెండో అభ్యంతరం ఆస్పత్రుల మీద అనుమానం. ఇది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు, బిల్లులు చూసినవాళ్లెవరికైనా ఆ అనుమానం రావడం సహజం. బ్రెయిన్‌డెత్‌ను మరణంగా గుర్తించిన 1994 చట్టంలో దీనికి కట్టుబాట్లు ఉన్నాయి. నలుగురు డాక్టర్లు కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలనీ, అవయవం తీసే బృందంలోనివారు ఆ నలుగురిలో ఉండకూడదనీ చట్టం చెబుతుంది. ఇంకొకటి గమనించండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బయటపడిన కిడ్నీ దందాల్లో దళారుల వలలో పడింది అప్పుల్లో మునిగిన బతికున్న పేదలు. చనిపోయినవారి అవయవాలు ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ వెయిటింగ్ లిస్టు ప్రకారం వెళుతుంటే దళారికి చోటు తగ్గుతుంది. కాబట్టి దొంగ వ్యాపారానికి భయపడి మరణానంతర దానాన్ని వద్దనడం ఆ వ్యాపారానికే మేలు చేస్తుంది. మార్పిడులు ఎక్కువగా డబ్బున్నవాళ్లకే అందుతున్నాయన్న ఫిర్యాదుకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. దానికి నిమ్స్, ఉస్మానియా లాంటి ప్రభుత్వాస్పత్రులను ఇంకా బలపరచడం తప్ప దారి లేదు.

వద్దని చెప్పనివాళ్లందరినీ చట్టంతోనే దాతలుగా లెక్కగట్టేస్తే పోతుంది కదా, స్పెయిన్ చేసినట్టు అనేవాళ్లున్నారు. స్పెయిన్ ఆ చట్టం చేసింది 1979లో. పదేళ్ల తర్వాత కూడా అక్కడ పదిలక్షల జనాభాకు దాతలు 14 మందే. 1989లో జాతీయ సంస్థ పెట్టి, ఆస్పత్రుల్లోనే శిక్షణ పొందిన సమన్వయకర్తల్ని నియమించాక ఆ సంఖ్య 40 దాటింది. మన దేశంలో అది ఒకటైనా లేదు. చట్టం ఎలా ఉన్నా స్పెయిన్‌లో ఈ రోజుకీ కుటుంబాన్ని అడగకుండా చేయి వేయరు. దుఃఖంలో ఉన్నవారిని ఎవరు, ఏ మాటతో, ఎప్పుడు అడగాలన్నదే వాళ్లు నేర్చుకున్న విద్య. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఐబ్యాంకు కూడా ఆస్పత్రుల్లో కౌన్సెలర్లను పెట్టి ఇదే చేస్తోంది.

కౌన్సెలర్ ఎంత నేర్పరి అయినా, ఇంట్లో ఏనాడూ అనుకోని మాటకు ఆ గంటలో 'సరే' అనిపించడం కష్టం. చావు గురించి మాట్లాడితే అశుభమని పెద్దలు నోరు నొక్కేస్తారు. ఆ మౌనం ఖరీదు ఏమిటో పైన లెక్కల్లో చూశాం. అందుకని ప్రతిజ్ఞాపత్రం నింపడం కన్నా ముందు మీ ఇష్టం ఏదైనా, ఇస్తాననో ఇవ్వననో, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చెప్పండి. వేరే ఊళ్లో, వేరే దేశంలో ఉన్న పిల్లలకు ఫోన్ చేసి చెప్పండి. రేపు సంతకం పెట్టవలసింది వాళ్లే.