పాత రంగు గీకే ముందు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పడవ అడుగున ఉన్న పాత రంగును ఎట్లా తీయాలో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. పింఛనుదారులకు పడవలతో ఏం పని అని కొందరు నవ్వుకోవచ్చు. పడవ దగ్గర నేర్చుకునే జాగ్రత్త మన ఇంటి కిటికీకి, గేటుకు కూడా పనికివస్తుంది. అందుకే ఒప్పుకున్నాను.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నడుమ హద్దు గోదావరి. వంతెనలు లేని రోజుల్లో ఇవతలి ఒడ్డు నుండి అవతలికి పోవాలంటే నాటు పడవలే ఆధారం. కాళేశ్వరం నుండి సిరొంచ వైపు 2016 చివరలో వంతెన ప్రారంభమయ్యే దాకా అక్కడ జనం పడవల మీదనే నది దాటేవారు. ఆ కర్ర పడవలకు అడుగున తారు పూసేవారు. లోయర్ మానేరు వంటి జలాశయాల్లో విహారానికి తిరిగే పడవలు ఫైబర్‌వి, వాటికి రంగు వేస్తారు.

సముద్రపు పడవల సంగతి వేరు. విశాఖ, కాకినాడ రేవుల్లోని పడవల అడుగుకు గవ్వల వంటి జీవులు అంటుకుని గట్టి పొరలా పెరుగుతాయి. పడవ బరువెక్కుతుంది, డీజిలు ఎక్కువ కాలుతుంది. అవి అంటకుండా రంగులో విషం కలుపుతారు. 1761లోనే బ్రిటిషు నౌకాదళం ‘అలారం’ అనే ఓడ అడుగుకు రాగి రేకు తొడిగి చూసింది. తరువాత రాగి కలిసిన రంగులు వచ్చాయి. 1960ల నుండి తగరపు సమ్మేళనం ఒకటి వాడుకలోకి వచ్చింది. అది ఓడ అడుగును శుభ్రంగానే ఉంచింది గాని, ఫ్రాన్సులోని అర్కషాన్ అఖాతంలో ముత్యపుచిప్పల జాతి జీవుల పెంపకాన్ని దెబ్బ తీసింది. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలకు దానిని నిషేధించింది. 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరి, 2008 సెప్టెంబరు 17 నుండి అమలులోకి వచ్చింది.

మన మంచినీళ్లలో ఆ గవ్వ జీవులు ఉండవు, పాకుడు మాత్రం పడుతుంది. కనుక మన జలాశయాల పడవలకు విషపు రంగు అక్కరలేదు. పైగా లోయర్ మానేరు నీళ్లు కరీంనగర్ పట్టణం తాగే నీళ్లు. ఎల్లంపల్లి నీళ్లు హైదరాబాదు దాకా పోతున్నవి. ఒడ్డున కూర్చుని గీకిన రంగు పొడి వాన రాగానే ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక పని పద్ధతి. పడవను ఒడ్డుకు లాగిన వెంటనే, తడి ఆరకముందే నీళ్లు కొట్టి బ్రష్షుతో పాకుడు కడగాలి. ఎండిన తరువాత అది మొండికేస్తుంది. కర్ర పడవ తారు తీయాలంటే తెల్లవారు జామున మొదలుపెట్టాలి. చల్లదనానికి తారు పెళుసుగా ఉండి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మన ఎండలో పది గంటలు దాటితే సాగి, పనిముట్టుకు అంటుకుంటుంది. పలకల అతుకుల్లో కుక్కిన నారను గోకి తీయరాదు, తీస్తే నీళ్లు లోపలికి వస్తవి. ఫైబర్ పడవకు మొనదేలిన ఉలి పెట్టరాదు. అంచు మొద్దుగా ఉన్న గీకుడు బిళ్లతో పెచ్చులు తీసి, మిగిలినది నీటిలో తడిపిన వాటర్ పేపరుతో రుద్దాలి. కింద టార్పాలిన్ పరచి, రాలినదంతా దాని మీదనే పడేటట్టు చూడాలి. మంట పెట్టి రంగు కాల్చడం కర్రకు, ఫైబరుకు, మనిషికి ముగ్గురికీ చేటు.

అసలు మొదటి ప్రశ్న గీకాలా వద్దా అన్నది. పాత రంగు గట్టిగా పట్టుకుని ఉంటే పూర్తిగా తీయనక్కరలేదు. కడిగి, తడి కాగితంతో కొంచెం గరుకు చేసి, దాని మీద నప్పే కొత్త రంగు వేస్తే చాలు. పెచ్చులు లేచిన చోటనే గీకుడు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మనలో చాలామంది ఇళ్లు ముప్పై నలభై ఏండ్ల కిందట కట్టినవి. ఇనుప గేటుకు, కిటికీ చువ్వలకు అప్పట్లో ఎర్రటి రెడ్ లెడ్ ప్రైమరు కొట్టించేవాళ్లం. అది సీసం. మెరిసే పసుపుపచ్చ, ఎరుపు రంగుల్లోనూ సీసం ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని మన ప్రభుత్వం 2016లో నియమం చేసింది. అది 2017 నవంబరు 1 నుండి అమలైంది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉన్నదనే అనుకుని జాగ్రత్త పడడం మంచిది.

దసరాకో, ఇంట్లో పెండ్లికో రంగులు వేయిస్తాం. పనివాడు గేటును పొడిగా గరుకు కాగితంతో రుద్దుతాడు. ఆ దుమ్ము వాకిట్లో, గద్దె మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. సెలవులకు వచ్చిన మనుమడు అక్కడే పాకుతాడు, చేతులు నోట్లో పెట్టుకుంటాడు. లోపలికి పోయిన సీసంలో పెద్దల ఒంటికి పట్టే దానికంటే పసిపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంత వరకైతే పరవాలేదు అనే మోతాదు లేదని కూడా చెబుతున్నది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది, పోయినది తిరిగి రాదు. పెద్దలకు రక్తపోటు, మూత్రపిండాల జబ్బు. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో దాగి, వృద్ధాప్యంలో ఎముకలు పలచబడేటప్పుడు మళ్లీ రక్తంలో కలుస్తుంది. కనుక ఇది మన వయసు వారి సంగతి కూడా.

చేయవలసినది కొంచెమే. నీళ్లు చల్లి తడిపి గీకించండి. పొడిగా రుద్దనీయకండి, బ్లో లాంపుతో కాల్చనీయకండి. కింద పట్టా పరచండి. ముక్కుకు రుమాలు చాలదు, కరోనా నాడు వాడిన ఎన్ 95 మాస్కు పెట్టుకోవాలి. పని ముగిసే దాకా పిల్లలను, గర్భిణులను ఆ వైపు రానీయకండి. చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో తుడవండి. రాలిన పెచ్చులను సంచిలో మూటకట్టి, తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకుండా మున్సిపాలిటీ బండికి విడిగా ఇవ్వండి. పెరటి మట్టిలో, బావి దగ్గర పారబోయవద్దు, కాల్చవద్దు.

ఇంకొక్క మాట. మన ఇంట్లో ఈ పని రెండు రోజులు. రంగులు వేసే కార్మికునికి ఏడాది పొడుగునా ఇదే పని. ఆ బట్టలతోనే ఇంటికి పోయి బిడ్డను ఎత్తుకుంటాడు. కూలి మాట్లాడేటప్పుడే మాస్కు మనమే కొనిద్దాం. తడిపి గీకితే ఒక పూట ఎక్కువ పడుతుంది, ఆ పూట కూలి అడగకుండానే ఇద్దాం. చేతులు, ముఖం కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు, బట్టలు మార్చుకోవడానికి చోటు చూపిద్దాం. సర్వీసులో ఉన్నప్పుడు కింది సిబ్బంది క్షేమం చూడడం మన విధి. పదవీ విరమణతో ఆ విధికి విరమణ లేదు.