భీమునిపట్నం: తీరం దాటి చూడవలసిన ఊరు

విశాఖపట్నానికి ఈశాన్యంగా ఇంచుమించు పాతిక కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసే చోట వెలసిన భీమునిపట్నాన్ని, అంటే జనవ్యవహారంలోని భీమిలిని, సందర్శకులు ఎక్కువగా సముద్రస్నానానికే తలచుకుంటారు. అయితే ఆ ఊరి ప్రత్యేకత అంతా ఇసుకతీరానికే పరిమితం కాదు. బౌద్ధ భిక్షువులు, ఐరోపా వర్తకులు, భూవిజ్ఞానులు వేరువేరు కాలాల్లో వేరువేరు కారణాలతో ఈ తీరాన్ని ఎంచుకున్నారు.

ఊరిని ఆనుకొని ఉన్న పావురాళ్ళకొండ మీద సుమారు రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారపు శిథిలాలు, అనగా భిక్షువుల నివాసాల ఆనవాళ్ళు, ఉన్నాయి. వాటిలో ముఖ్యంగా గమనించవలసినవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. ఊటలు లేని కొండ మీద ఏడాది పొడుగునా నివసించాలంటే వాననీటిని వృథా పోనీయరాదు కనుక, గుట్ట వాలును అనుసరించి జారే నీరు చేరి నిలిచేట్లు వాటిని మలిచారు. ఇదే తీరాన విశాఖ వైపు ఉన్న తొట్లకొండపైనా ఇటువంటి ఏర్పాటే కనిపిస్తుంది.

నదీముఖం ఓడలకు అనుకూలం కావడంతో 17వ శతాబ్దంలో డచ్చివారు, అంటే తెలుగునాట వలందులుగా పేరుపడిన హాలెండు వర్తకులు, ఇక్కడ స్థావరం ఏర్పరచుకొని బట్టల వ్యాపారం సాగించారు. 1824 నాటి ఒప్పందం దరిమిలా 1825లో ఆ స్థావరం ఆంగ్లేయుల వశమైంది గాని, వలందుల శ్మశానవాటిక మాత్రం నేటికీ నిలిచి ఉంది. అందులోని సమాధి ఫలకాల మీద డచ్చి భాషలో చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నా, తమ దేశానికి తిరిగి చేరలేకపోయిన వారికి అవే మిగిలిన గుర్తులు. భీమిలిలో 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిందన్న విషయం ఆనాటి పట్టణ ప్రాముఖ్యాన్ని తెలుపుతుంది.

ఇక విశాఖకు వెళ్ళే దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళ క్రితం సముద్రం వెనుకకు తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి పోగుచేయగా ఏర్పడినవి. ఇసుక రేణువుల మీద ఇనుము ఆక్సీకరణం చెంది పలుచని పొరగా పట్టడం వల్ల వాటికి ఆ రంగు వచ్చింది. వానలు కోసిన లోతైన చీలికలలో దిబ్బల ఇసుక పొరలను స్పష్టంగా చూడవచ్చు. దక్షిణాసియాలో ఇటువంటి దిబ్బలు తమిళనాడు, శ్రీలంకలలో తప్ప అరుదు.

తొట్లు పూడిపోతే తవ్వి తీయవచ్చు, ఫలకాలు విరిగితే అతికించవచ్చు. చదును చేసిన దిబ్బను మాత్రం తిరిగి నిలబెట్టలేము. కనుక భీమిలికి వెళ్ళే శ్రోతలు తీరంతో పాటు ఈ మూడింటినీ చూడాలి, చూసిన వాటిని చెక్కుచెదరనీయక తరువాతి వారికి అప్పగించాలి.