మొదటి ప్రయాణము ఊరిదే



ఆసుపత్రికిగాని, చదువునకుగాని, పనికిగాని పోవలసిన వికలాంగునకు దారిఖర్చు పెద్ద ఆటంకము. తోడు వచ్చువారికి కూడ టిక్కెట్టు కొనవలసియుండును. ఈ భారమును తగ్గించుటకు ప్రభుత్వము కల్పించిన సదుపాయములు కలవు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని పల్లెవెలుగు బస్సులలో అర్హులైన వికలాంగులకు చార్జీలో రాయితీ కలదు. తోడు లేనిదే రైలు ప్రయాణము చేయజాలని అంగవికలురకును, పూర్తిగా చూపులేని వారికిని రెండవ తరగతి, స్లీపరు తరగతులలో నూటికి 75 వంతుల రాయితీ కలదు. వెంట వచ్చు ఒకరికిని అంతే. 1981లో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ పథకము క్రింద తక్కువ ఆదాయము గలవారికి మూడు చక్రముల సైకిళ్ళు, చక్రాల కుర్చీలు ఉచితముగా ఇచ్చుచున్నారు.

వీనికి మూలము వైద్యుల ధ్రువపత్రము. పెక్కు పథకములకు వైకల్యము నూటికి 40 వంతులకు తగ్గకుండవలెను.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. పత్రము కొరకు వైద్యపరీక్ష జరుగు ఆసుపత్రికి స్వయముగా పోవలెను. రాయితీ తెచ్చిపెట్టు ఆ ప్రయాణమునకే రాయితీ లేదు! అర్హత యుండియు అరుగు దిగలేక ఇంటనే ఉండిపోవువారిని మేము పల్లెలలో చూచుచున్నాము.

అందుచేత మేము కోరునది ఒక్కటే. మీ సేవ కేంద్రములోగాని, గ్రామ సచివాలయములోగాని విచారించి పరీక్ష తేదీ తెలిసికొనుడు. ఆధారు కార్డు, ఫోటోలు ముందే సిద్ధపరుపుడు. నలుగురు చేరి ఒక ఆటో మాట్లాడి, అట్టివారినందరిని కలిపి తీసికొనిపొండు. ఆ మొదటి ప్రయాణము ఊరు చేయించినచో, తరువాతి ప్రయాణములకు సర్కారు సాయము వెంట నడచును.