పనివాడి ఆలోచనకు పర్మిషన్ ఎవరివ్వాలి?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ సభలో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి చేతిపని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం మమ్మల్ని అడిగింది. సంతోషం. ఈ హాల్లో కూర్చున్న ఇండ్లలో సగానికి పైగా చేతిపని మీద నిలబడ్డవే. లేత్ మిషన్, వెల్డింగ్, మోటార్ వైండింగ్, కుట్టుపని, లారీ బాడీ పని. ఉస్తాద్ కొట్టిన చెంపదెబ్బతో పని నేర్చుకున్నవాళ్లు ముందు వరుసలోనే కనిపిస్తున్నారు. నవ్వుతున్నారు కూడా.

మేము అడగదలచింది ఒక్కటే. కొత్త వస్తువు చేయాలని, ఉన్న వస్తువును కొత్త తీరుగా చేయాలని ఒకడికి తోచినప్పుడు సర్కారు గాని, సంఘం గాని, ఇంటి పెద్ద గాని ఎంతవరకు అడ్డం చెప్పొచ్చు? దీనికి దూరదేశాల ముచ్చట్లు వెతకాల్సిన పని లేదు. మన పాత నల్లగొండ జిల్లాలోనే జవాబు ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయి పోచంపల్లి, ఆలేరు, పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయినయి గాని, మనకు అవి ఇప్పటికీ మన ఊర్లే.

పోచంపల్లి అంటే పెద్దవాళ్లకు 1951 ఏప్రిల్ 18 గుర్తుకొస్తుంది. వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన రోజు. ఆడవాళ్లకు మాత్రం చీర గుర్తుకొస్తుంది. నూలును ముందే లెక్క ప్రకారం కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గమెక్కిస్తే, నేస్తున్న కొద్దీ డిజైను బట్టలో తేలుతుంది. మనవాళ్లు దాన్ని చిటికి పని అన్నారు, బయటివాళ్లు ఇక్కత్ అంటారు. చూసినవాళ్లకు ఇది ఆదినుంచీ ఇట్లనే ఉన్నదనిపిస్తుంది. అదేం లేదు. ఈ విద్య చీరాల వైపు నుంచి ఇక్కడికి వచ్చింది. 1950ల దాకా ఇక్కడ నేసింది నూలే, పట్టు నేత తర్వాత నేర్చుకున్నరు. కట్లు కట్టడానికి సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు వాడుతరు. తాతలనాటి పద్ధతే కావాలని ఎవరైనా పట్టుబడితే ముందు ఆ సైకిల్ ట్యూబు తీసేయాలి!

పుట్టపాక తేలియా రుమాలు సంగతి మన ఇండ్లలో పెద్దలకు ఇంకా బాగా తెలుసు. నూలును నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగుల్లో నేసే చదరపు గుడ్డ. ఇక్కడ జాలరి తలకు చుట్టుకున్న ఆ గుడ్డే ఓడెక్కి అరబ్బు దేశాలకు పోయింది. నిజాం ఇండ్లలో దుపట్టా కూడా అయింది. మొదట్లో దాని మీద గళ్లు, చుక్కలు ఉండేవి. రానురాను ఏనుగులు, సింహాలు వచ్చినయి. తర్వాత గడియారాలు, విమానాలు కూడా ఎక్కినయి. విమానం మన సంప్రదాయమేనా అని ఆ నేతగాడిని ఎవరూ అడగలేదు. ఆకాశంలో చూసిండో, పేపర్లో బొమ్మ చూసిండో, నేసిండు. ఈ పనిలోనే పుట్టపాక గజం గోవర్ధనగారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇవాళ మనం పాతకాలపు సొత్తు అని భద్రపరుస్తున్న గుడ్డ తన కాలంలో ఎంత కొత్తదో ఆలోచించండి.

ఇక అసలు సంగతికి వస్తాం. చిటికి కట్టే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రం ఆకారంలో వరుసగా మేకులు, వాటికి ఎదురుగా గజం దూరంలో ఒక మేకు. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఒక్కో మేకుకు వేస్తూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేల సార్లు. ఈ పని ఇంట్లో ఆడవాళ్లది. కూలి లెక్కలో దానికి పేరు కూడా ఉండేది కాదు. భుజం పడిపోతే నూనె మర్దన, మళ్లీ తెల్లవారి అదే పని.

ఆలేరు దగ్గర శారాజిపేటలో చింతకింది మల్లేశం అనే పిల్లవాడు తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూస్తూ పెరిగిండు. బడి చిన్న క్లాసుల్లోనే ఆగిపోయింది. ఇంజనీరు కాదు, డిప్లొమా లేదు. 1992లో మొదలుపెట్టిండు, ఆసు పోసే మిషన్ చేయాలని. కర్ర ముక్కలు, మోటారు, పుల్లీలు. అప్పు చేసిండు. ఊళ్లో నవ్వినవాళ్లూ ఉన్నరు. ఒకచోట పని ఆగిపోతే హైదరాబాదు పోయి కూలి చేసుకున్నడు. అక్కడ బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో తిరుగుతున్న మిషన్ కదలిక చూసి, తనకు చిక్కని ఆఖరి ముడి విప్పుకున్నడు. 1999లో మిషన్ నడిచింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. తల్లి పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు మిషన్ అని. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా కూడా అయింది. అవన్నీ మీకు తెలిసినవే.

మీకు తెలియకపోవచ్చు అనుకునేది ఇంకొకటి చెప్తాం. మర మగ్గాల పోటీ నుంచి చేనేతను కాపాడడానికి 1985లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కొన్ని రకాల బట్ట చేతిమగ్గం మీదనే నేయాలని దాని సారం. మొదట ఇరవై రెండు రకాలు, 1996 తర్వాత పదకొండు. దాన్ని కోర్టులో సవాలు చేస్తే 1993లో సుప్రీంకోర్టు చట్టం పక్షానే నిలిచింది. ఈ చట్టం అక్కర లేదని మేము అనడం లేదు. మర మీద అచ్చేసిన గుడ్డను పోచంపల్లి చీరని అంటగట్టే దుకాణం ఏ ఊళ్లో లేదు? అది నేతగాడి నోటికాడి కూడు లాక్కోవడమే, కొనేవాళ్లను మోసం చేయడమే. అక్కడ సర్కారు కర్ర పట్టుకొని నిలబడాల్సిందే.

కానీ ఆ చట్టం చేతిమగ్గాన్ని ఎట్లా నిర్వచించిందో చూడండి. మర మగ్గం కాని మగ్గం ఏదైనా చేతిమగ్గమే అన్నది. అంతే. మగ్గానికి ముందు జరిగే పని గురించి ఒక్క మాట రాయలేదు. నూలు తోడేది చేత్తోనా, ఆసు పోసేది చేత్తోనా, అడగలేదు. ఆ రోజు కాగితం రాసిన అధికారి కొంచెం ఎక్కువ ఉత్సాహపడి, దారం మొదలు చీర దాకా ప్రతి పనీ చేత్తోనే జరగాలని ఒక్క వాక్యం చేర్చి ఉంటే? మల్లేశం మిషన్ పోసిన దారంతో నేసిన చీర చేనేత చీర కాకుండా పోయేది. మిషన్ కొనేవాడు ఉండేవాడు కాదు. లక్ష్మమ్మ లాంటి తల్లులు ఇంకా ఆ తొమ్మిది వేల లెక్క మోస్తూనే ఉండేవాళ్లు. ఆ తల్లుల భుజాన్ని కాపాడింది చట్టం రాయకుండా వదిలేసిన ఆ ఖాళీ జాగానే. 

2013లో దీనికి ఎదురు దిక్కు నుంచి ఇంకో ప్రతిపాదన వచ్చింది. నేతలో ఏదో ఒక్క పని మనిషి చేత్తో జరిగినా చేతిమగ్గమే అనాలని. నేతగాళ్లు గట్టిగా ఎదిరించారు, సరిగ్గానే ఎదిరించారు. అట్లయితే స్విచ్చు నొక్కేది కూడా చెయ్యే కదా! కాబట్టి గీత గీయడం వద్దని మా వాదన కాదు. గీత ఎక్కడ గీయాలో పనిచేసేవాళ్లను అడిగి గీయాలి, అక్కడితో ఆగాలి. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరును కాపాడే మంచి ఏర్పాటే అది. రేపు ఒక పోచంపల్లి పిల్ల ఎన్నడూ చూడని డిజైను కడితే, ఇది పాత కాగితంలో లేదు గనుక పోచంపల్లి కాదు అనే పెద్దమనిషి బయలుదేరకుండా మాత్రం చూసుకోవాలి. గద్వాల చీరకు నూలు ఒంటికి పట్టు అంచు కలపాలని మొదట తోచిన మనిషిని, నువ్వు నూలువాడివా పట్టువాడివా ముందు తేల్చుకో అని నిలదీసి ఉంటే, ఇవాళ గద్వాల పేరు ఎవరికి తెలిసేది?

అనుమతి కోసం కాచుకోవడం వల్ల జరిగే నష్టం మన చరిత్రలోనూ ఉంది, దాచుకోవడం ఎందుకు. ఇస్తాంబుల్‌లో యూదులు 1493 నాటికే అచ్చుయంత్రం పెట్టుకున్నారు. అదే నగరంలో ముస్లింలు తమ లిపిలో పుస్తకం అచ్చేసుకోవడానికి ఇబ్రహీం ముతఫర్రికాకు సుల్తాను ఫర్మానా దొరికింది 1727లో. అదీ మతగ్రంథాలు తప్ప అనే షరతు మీద. మొదటి పుస్తకం 1729లో వచ్చింది. ఈ ఆలస్యానికి కారణాలు చాలా చెప్తరు. రాతగాళ్ల బతుకుతెరువు ఒకటి, అలవాటు ఒకటి, భయం ఒకటి. ఏదైతేనేం, రెండు వందల ఏండ్లకు పైన పోయినయి.

మన వర్క్‌షాపుల వాళ్లు బండ్ల సంగతి చెప్పమని చూస్తున్నరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బ్రేకు, బరువు, సీట్ల లెక్కలో కఠినంగా ఉండాల్సిందే. మన పిల్లలే ఆ ఆటోల్లో బడికి పోతరు. ఇందులో మీకు మా మద్దతు దొరకదు. కానీ తగ్గించాలనుకుంటే సర్కారు తగ్గించగలదు. పత్తి చేన్ల మీద మందు కొట్టే డ్రోన్లు మీరు చూస్తూనే ఉన్నరు. 2021 మార్చి రూల్సులో వాటికి ఇరవై అయిదు ఫారాలు, డెబ్భై రెండు రకాల ఫీజులు ఉండేవి. అదే ఏడాది ఆగస్టులో ఫారాలు అయిదుకు, ఫీజులు నాలుగుకు తగ్గించిండ్రు. ఆకాశమేమీ విరిగి పడలేదు.

ఇంతసేపు సర్కారును అన్నాం. ఇప్పుడు మన మాట. మూడేండ్ల కింద ఒక పిల్లవాడు మన రుణాల కమిటీ ముందుకు వచ్చిండు. తండ్రి లేత్ పనివాడు. పల్లికాయ ఒలిచే చిన్న మిషన్ సొంతంగా చేసిండు. పాత మోటారు, ఇనుప జల్లెడ, స్క్రాపు షాపులో కొన్న బేరింగులు. పాలమూరు పల్లికాయ చిన్నగింజ, పెద్ద మిషన్లలో పప్పు విరుగుతున్నది, ఇందులో విరగదు అన్నడు. ఇంకో రెండు చేసి అమ్మడానికి ముప్పై వేలు అడిగిండు. కమిటీలో మేమూ ఉన్నాం. మన నియమావళిలో పనిముట్ల రుణానికి కంపెనీ కొటేషన్ జతచేయాలని ఉంది. బేటా, కొటేషన్ తే అన్నాం. కంపెనీ నేనే కదా చాచా అన్నడు. మేమంతా నవ్వి, కాగితం పక్కన పెట్టినాం. ఆ మిషన్‌ను పోయి చూసిన పాపాన ఒక్కరం పోలేదు. ఇప్పుడు ఆ పిల్లవాడు హైదరాబాదులో ఒక గోదాములో సరుకు ఎత్తుతున్నడు. మిషన్ తండ్రి షెడ్డులో గోనెసంచి కింద ఉంది. తండ్రిని అడిగితే, తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు నూనె పెడుతున్నా అన్నడు.

కొటేషన్ నియమం పెట్టింది మంచికే. అంతకుముందు కొందరు మిషన్ పేరు చెప్పి డబ్బు పెండ్లికి వాడుకున్నరు. దొంగను ఆపడానికి పెట్టిన కంచె పనివాడి దారికి అడ్డం పడ్డది. కాబట్టి ఈ సర్వసభ్య సమావేశంలో మేము ఒక సవరణ పెడుతున్నాం. సొంతంగా చేసిన పనిముట్టు అయితే కొటేషన్ అక్కర లేదు, ఇద్దరు ఉస్తాదులు పోయి నడిపించి చూసి సంతకం పెడితే చాలు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పండి, వింటాం. ఒప్పుకుంటే వచ్చే ఆదివారం అస్ర్ నమాజు తర్వాత ఆ షెడ్డు దగ్గర కలుద్దాం. మూట పల్లికాయ మేము తెస్తాం.