ఆకుకూ కొలత, సెలైన్‌కూ కొలత

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి ఒక గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



ఆటపాటల పండుగ రోజున వైద్యం మాటలేమిటని అనుకోకండి. థింసా ఎంత మనదో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో తెలిసిన మన తాతల జ్ఞానం కూడా అంతే మనది. అందుకే ఆ మాట ఈ వేదిక మీదే చెప్పాలనుకున్నాం.

మేము టీచరు చదువు చదివి, హాస్టళ్లలో పిల్లల్ని చూసుకునేవాళ్లం. పిల్లల్ని చూడడానికి వచ్చే అమ్మానాన్నలు ఒకప్పుడు మలేరియా గురించి మాట్లాడేవారు. ఇప్పుడు షుగర్ గురించి కూడా అడుగుతున్నారు. "మేడమ్, పొడపత్రి తింటే మాత్రలు మానేయొచ్చా?" అని.

ఆకును వెక్కిరించేవాళ్లు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. షుగర్‌కు మన పీహెచ్‌సీలో ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వెనక కూడా ఒక మొక్క ఉంది. దాని పేరు గలేగా. యూరప్ పల్లెల్లో దాన్ని మందుగా వాడేవారు. అందులోని గలెజీన్ అనే పదార్థం చక్కెరను తగ్గిస్తుందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కానీ అది విషం కూడా. ఆ మొక్క మేసి గొర్రెలు చనిపోయేవి. ఆ జాతికే చెందిన, అంత ప్రమాదం లేని మెట్‌ఫార్మిన్‌ను 1922లో ప్రయోగశాలలో తయారు చేశారు. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు రోగులకు ఇచ్చి, ఫలితాలు ప్రకటించారు. అమెరికాలో అనుమతి వచ్చింది 1994లో. ఆకు నుంచి మాత్ర దాకా దారి అంత పొడవు. ఆ దారి పొడవునా జరిగిన పని ఒకటే, కొలవడం.

ఇప్పుడు మన పొడపత్రి సంగతి. ఆకు నమిలి పంచదార వేసుకుంటే నోట్లో ఇసుక పోసుకున్నట్టు ఉంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకకు తీపి తెలియకుండా కాసేపు అడ్డుకుంటాయి. తీపి తెలియకపోవడం నాలుక సంగతి. రక్తంలో చక్కెర తగ్గిందనడానికి అది గుర్తు కాదు. మద్రాసులో పరిశోధకులు 22 మంది షుగర్ రోగులకు, వాళ్ల మాత్రలతో పాటే, రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. 1990లో ఫలితాలు అచ్చయ్యాయి. చక్కెర తగ్గింది, ఐదుగురు మాత్రలు మానగలిగారు. ఆశ పెట్టుకోదగ్గ మాటే. కానీ 22 మంది చాలా తక్కువ. పైగా చీటీలు వేసి రెండు గుంపులుగా విడదీసి పోల్చిన పరీక్ష కాదది. వాళ్లు తీసుకున్నది తూచిన సారం, మనం కోసేది గుప్పెడాకు. చెట్టును బట్టి, కాలాన్ని బట్టి అందులో మందు మారిపోతుంది. మాత్రతో పాటు ఆకు తింటే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. కాబట్టి ఆకు తింటే తినండి, డాక్టరుకు చెప్పి తినండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు మానకండి.

మాకు తెలిసిన ఒక అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్‌లో వీడియో చూసి మాత్రలు మానేశాడు. కాలికి ముల్లు గుచ్చుకుంది. షుగర్‌తో పాదం మొద్దుబారి నొప్పి తెలియలేదు. పుండు పడింది, జ్వరం వచ్చింది. నీరసం పోతుందని ఊళ్లోనే సెలైన్ పెట్టించారు. మర్నాటికి ఆయాసం, మాట తడబాటు. 108లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. రెండు కాలివేళ్లు పోయాయి, మనిషి దక్కాడు. అక్కడ నర్సు గంట గంటకూ మూత్రం కొలిచి రాసుకోవడం చూసి ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది: "సెలైన్ బలమే కదా మేడమ్, దానికి అంత లెక్కెందుకు?"

ఆ లెక్కలోనే ప్రాణం ఉంది. పుండులోని సూక్ష్మజీవులతో పోరాడే క్రమంలో శరీరం అదుపు తప్పి, తన అవయవాలనే దెబ్బతీసుకోవడాన్ని సెప్సిస్ అంటారు. అప్పుడు రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. అందుకే యాంటీబయాటిక్‌తో పాటు సెలైన్ అవసరమవుతుంది. కానీ ఆ నాళాలే కారుతుంటాయి. ఎక్కువ ఎక్కిస్తే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ తగ్గిన 3,141 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. ఒక్కసారిగా సెలైన్ వేగంగా ఎక్కించిన పిల్లల్లో రెండు రోజుల్లో నూటికి 10.5 మంది చనిపోయారు. అలా ఎక్కించని వాళ్లలో 7.3 మంది. మంచిదనుకున్నదే, కొలిచి చూస్తే, ఆ పిల్లలకు కీడు చేసింది. వాంతులు, విరేచనాల సంగతి వేరు. అక్కడ పోయిన నీటిని ఓఆర్‌ఎస్‌తో వెంటనే నింపాలి.

అందుకే ఆసుపత్రిలో కొలుస్తారు. పెద్దవాళ్లకు కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరైనా మూత్రం రావాలి. 60 కిలోల మనిషికి 30 మిల్లీలీటర్లు. వేలి కొన నొక్కి వదిలితే ఎన్ని సెకన్లలో మళ్లీ ఎర్రబడుతుందో చూస్తారు. 3 సెకన్లు దాటితే రక్తం సరిగా అందడం లేదని అనుమానిస్తారు. 2019లో దక్షిణ అమెరికాలోని 28 ఆసుపత్రుల్లో 424 మంది సెప్సిస్ రోగుల్లో సగం మందికి ఈ వేలి పరీక్షతో చికిత్స నడిపి చూస్తే, మిగతా సగానికి ఖరీదైన రక్తపరీక్షతో నడిపిన దానికి అది తీసిపోలేదు. వేలు, గడియారం, మనసు పెట్టి చూసే మనిషి ఉంటే చాలు.

మీరు చేయాల్సినవి మూడు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల పాదాలు రోజూ చూడండి. పుండుతో పాటు జ్వరం, ఆయాసం, మతి తప్పడం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఊళ్లో సెలైన్ కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ఇక మూడోది, తాతలు చెప్పే ఆకుల గురించి నోటుపుస్తకంలో రాయండి. ఏ ఆకు, ఎక్కడ, ఏ నెలలో, ఎంత, ఎవరు చెప్పారు, అన్నీ రాయండి. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ నుంచి 'జీవని' మందు తయారైనప్పుడు, లైసెన్సు రుసుములోనూ రాయల్టీలోనూ సగం వాళ్లకు చెందేలా ఒప్పందం కుదిరింది. ఎవరి జ్ఞానమో తెలిసింది కాబట్టే అది సాధ్యమైంది.

రేపు మీలో నర్సులు, ఫార్మసిస్టులు, పరిశోధకులు రావాలి. మన ఆకును మన పిల్లలే తూకం వేసే రోజు కోసం మేము హాస్టళ్లలో ఎదురుచూస్తున్నాం.