జర్మనీ రికార్డు అట్ట మీద బెంగళూరు పేర్లు

మండికల్‌లో క్రౌట్‌రాక్ గురించి మాట్లాడమని పిలిచిన నిర్వాహకుల ధైర్యానికి నమస్కారం. మన పక్క పాటంటే కైవారం తాతయ్య తత్వాలు, పెళ్ళిలో నాదస్వరం, జాతరలో తమటె. ఎక్కడో మ్యూనిక్‌లో జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళ రికార్డులతో మనకేం పని అని మీరు అడగొచ్చు. ఆ అట్టలు తిరగేసి చదివితే బెంగళూరు పేర్లు కనపడతాయి. నేను ఈ పిచ్చిలో పడింది అందుకే.

1968 ప్రాంతంలో పశ్చిమ జర్మనీ కుర్రకారుకు ఒక చిక్కు వచ్చిపడింది. తల్లిదండ్రుల కాలం పాట ముట్టుకుందామంటే దాని మీద హిట్లర్ నీడ. ఇంగ్లండు, అమెరికా పాటల్ని అనుకరించీ అనుకరించీ విసుగు. కొలోన్‌లో క్యాన్, మ్యూనిక్‌లో ఎంబ్రియో, పోపోల్ వూ, డ్యూసెల్‌డార్ఫ్‌లో నోయ్, ఎవరి దారి వాళ్ళు వెతుక్కున్నారు. బ్రిటిష్ పత్రికలు అందరినీ ఒకే గాటన కట్టి క్రౌట్‌రాక్ అనేశాయి. ఆ పేరు వాళ్ళలో చాలామందికి నచ్చలేదు లెండి.

దారులు వేరైనా ఒక్క సంగతిలో కలిశారు. అడుగడుగునా స్వరాల మెట్లు మార్చే పద్ధతి వదిలేసి, ఒకే ఆధారం పట్టుకుని, ఒకే నడక మీద పది నిమిషాలు, ఇరవై నిమిషాలు నిలబడ్డారు. 1972లో వచ్చిన నోయ్ మొదటి రికార్డులో ‘హాలోగాలో’ వినండి. దాదాపు పది నిమిషాలు క్లాస్ డింగర్ డ్రమ్ము దారి తప్పదు. తమటెకు 2023లో పద్మశ్రీ అందుకున్న మునివెంకటప్పగారు మన జిల్లావారే. ఆ దరువు విని పెరిగిన చెవికి డింగర్ దరువు కొత్తగా ఉండదు. కాకపోతే, ‘వీడు చెయ్యి మార్చడేం?’ అనిపిస్తుంది.

ఈ రికార్డులు దొరకడం మాత్రం కష్టం. బెంగళూరు సండే బజారులో గుట్టలు తిరగేస్తే సినిమా పాటలు, భక్తి పాటలు వస్తాయి గాని ఎంబ్రియో రాదు. వాళ్ళూ ఇంకొన్ని బృందాలూ కలిసి ష్నేబాల్ అని సొంత లేబుల్ పెట్టుకుని, తమ రికార్డులు తామే అమ్ముకున్నారు. అలాంటివి మన దాకా రావాలంటే ఎవరో ఒకరు పెట్టెలో మోసుకు రావాల్సిందే. ఒకటి చేతికొస్తే సేకర్త ఏం చేస్తాడంటే, దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి గీతలు చూస్తాడు. పాట అయ్యాక సూది ఊరికే తిరిగే నున్నటి జాగాలో గీసిన నంబరు చదివి, మొదటి ముద్రణా కాదా అని తేలుస్తాడు. ఆ నంబరుకే వేలు పోసేవాళ్ళున్నారు. నా మట్టుకు నాకు అట్ట వెనక చిన్న అక్షరాలే ముఖ్యం.

ఆ అక్షరాల్లో మన వాద్యాలు తగులుతుంటాయి. అప్పట్లో చాలా రాక్ బృందాలు సితారును తాలింపులో కరివేపాకులా వాడుకున్నాయి, వాసన కోసం వేసి పక్కకు తీసేసే రకం. పోపోల్ వూ అలా చెయ్యలేదు. 1972 నాటి ‘హోసియానా మంత్ర’లో తంబుర మోగుతుంటే మిగతా వాద్యాలు దానికి ఒదిగి ఉంటాయి. ఏక్‌తార మీద తత్వం విన్నవాళ్ళకు ఆ ఒదుగుదల వెంటనే తెలుస్తుంది.

ఎంబ్రియో ఇంకా ముందుకు వెళ్ళింది. 1978–79లో క్రిస్టియన్ బుర్ఖార్డ్ బృందం బస్సెక్కి, ఇరాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగా రోడ్డు దారినే ఇండియాకు వచ్చింది. ‘ఎంబ్రియోస్ రైజె’ అనే జంట రికార్డు ఆ ప్రయాణం ఫలమే. టి.ఎ.ఎస్. మణిగారు 1964లో బెంగళూరులో స్థాపించిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్‌తో కలిసి ‘లైఫ్’ అనే రికార్డూ చేశారు. ఎంబ్రియో నుంచి విడిపోయిన కొందరు డిసిడెంటెన్ అని వేరు కుంపటి పెట్టుకుని, 1982లో ‘జర్మనిస్తాన్’ తెచ్చారు. అందులోనూ మన కాలేజీవాళ్ళే.

ఈ కలయిక ఎందుకు కుదిరింది? హిప్పీల మోజు ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. మెట్లు మార్చే పాటలో మృదంగానికి చోటు వెతకాలి. ఒకే శ్రుతి మీద నిలబడ్డ పాటలో మృదంగానికి కావలసినంత మైదానం ఉంటుంది. వాళ్ళు పదేళ్ళు కష్టపడి ఖాళీ చేసిన చోటులోకి మనవాళ్ళు వచ్చి తాళం వేశారు. నడక మారకుండానే లోపల లెక్క మార్చడం మనవాళ్ళకు తని ఆవర్తనంలో రోజూ ఉండే పనే.

ఒకే శ్రుతి మీద ఈ కలయిక కుదురుతుందనడానికి సాక్ష్యం ‘జ్యోతి’ అనే రికార్డు. 1983 ఫిబ్రవరిలో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌లో ఇ.సి.ఎం. సంస్థ కోసం రికార్డు చేశారు. ఇందులో రాక్ లేదు, డ్రమ్ సెట్టూ లేదు. మణిగారి మృదంగం, రాజగోపాల్ ఘటం, శశికుమార్ కంజీర, ఆర్.ఎ. రమామణి గాత్రం. వీటి పక్కన అమెరికన్ చార్లీ మరియానో శాక్సఫోన్, వేణువు. ఈయన నాదస్వరం నేర్చుకుని వాయించినవాడు కూడా. అట్ట మీద ముందుండేది ఆయన పేరే. సూది పెడితే మొదట వినిపించేది మాత్రం రమామణి ఒంటరి గొంతు. రచనలన్నీ ఆవిడవే. మరియానో ఎక్కడా తోసుకు రాడు, ఆవిడ వదిలిన జాగాలోనే పలుకుతాడు.

కొనాలనుకునే పిల్లలకు ఒక మాట. మొదటి ముద్రణ కోసం అప్పు చెయ్యకండి, పునర్ముద్రణలో కూడా పాట అదే. ముందు ‘జ్యోతి’ విని, తర్వాత నోయ్‌కి వెళ్ళండి. దుకాణంలో ‘జ్యోతి’ని భారతీయ సంగీతం అరలో వెతికితే దొరక్కపోవచ్చు. జాజ్ అరలో, ఎం అక్షరం కింద, మరియానో పేరు దగ్గర చూడండి. రమామణిగారి పాటలు అక్కడ ఉంటాయి.