వారసత్వ పత్రములు – వంశచరిత్ర పరిశోధనము
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



వంశచరిత్రను గూర్చి కొంత ప్రసంగింపవలసినదని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. స్వవంశస్తుతి యెల్లరకును ప్రియమే. కాని వంశచరిత్రను శోధించుట యెట్లో తెలిసికొనుటకు మనకు రాగద్వేషములు లేని పరదేశ వంశము నొకదానిని దీసికొనుట మేలని తలంచితిని. కావున ఇంగ్లండు దేశమందలి క్లేర్ ప్రభువుల వృత్తాంతమును మీకు విన్నవించుచున్నాను.

మధ్యయుగమున ఆ దేశమందు భూమికెల్ల రాజే మూలస్వామి. రాజునొద్ద నేరుగా భూమి బడసిన ప్రభువు మరణించెనన్న వార్త చేరినంతనే, ఆతని భూములను రాజు పరముగ స్వాధీనపఱచుకొని విచారణ జరుపవలసినదని ఎస్చీటరను నుద్యోగికి ఆజ్ఞాపత్రము పోవుచుండెను. ఆ యుద్యోగి స్థానికులను పండ్రెండుగురను, ఒక్కొక్కచో నంతకు మించినవారిని, రప్పించి ప్రమాణము చేయించి ప్రశ్నించువాడు. మృతుడు ఏ భూములను ఎవ్వరివలన, ఏ సేవకు లోబడి యనుభవించెను? వాని సాలుసరి విలువ యెంత? ఆతడు మృతి నొందిన దినమేది? దగ్గఱ వారసుడెవ్వడు? వాని వయస్సెంత? ఈ ప్రశ్నల కుత్తరములు తోలుపత్రములపై లాటిను భాషలో వ్రాయబడి, ముద్రలతో రాజాస్థానమునకు చేరుచుండెను. వీనికే మరణానంతర విచారణ పత్రములని పేరు. 13వ శతాబ్దమున మూడవ హెన్రీ కాలమందు మొదలైన యీ పద్ధతి 17వ శతాబ్ద మధ్యమువఱకు సాగెను. 1660లో ప్రాచీన భూసేవా విధానము చట్టముచే రద్దయ్యెను. ఆ పత్రములు నేడును లండనునందలి క్యూ ప్రాంతమున జాతీయ పత్రాలయమందు భద్రముగ నున్నవి. వాని సంగ్రహములు సంపుటములుగ ముద్రింపబడినవి.

రాజు ఈ విచారణ జరిపించుట ప్రభువుల కీర్తికొఱకు గాదు. వారసుడు పురుషుడై 21 ఏండ్లు నిండనివాడైనచో, ఆతని భూముల యాదాయమును, ఆతని వివాహమును నిర్ణయించు హక్కును రాజునకే చెందుచుండెను. ధనార్థమై పుట్టిన పత్రమగుటచేతనే యందు స్తోత్రము లేదు. వంశపరిశోధకునకు దాని విలువయు నందే కలదు.

ఇక క్లేర్ వంశము. గ్లోస్టరు ప్రభువైన గిల్బర్టు డి క్లేర్ 1314 జూన్ 24వ తేదీన స్కాట్లండునందలి బానక్‌బర్ను యుద్ధమున హతుడయ్యెను. వయస్సు 23 ఏండ్లు, సంతానము లేదు. ఆతని భూములు ఇంగ్లండు, వేల్సు, ఐర్లండు దేశములందు వ్యాపించియుండెను. అన్నదమ్ములు లేరు గావున ఎలినార్, మార్గరెట్, ఎలిజబెత్ అను మువ్వురు సోదరీమణులు సమానముగ పంచుకొనవలసియుండెను. ఆ దేశపు ధర్మము ప్రకారము కొడుకులున్నచో జ్యేష్ఠునికే సర్వమును. కొడుకులు లేనిచో కుమార్తెలకు సమభాగములు. కాని మృతుని భార్య తాను గర్భవతినని చెప్పెను. బిడ్డ పుట్టునేమో యని విభాగము నిలిచిపోయెను. నెలలు గడచినను, సంవత్సరములు గడచినను బిడ్డ పుట్టలేదు. తుదకు 1317 నవంబరులో గాని విభాగము ముగియలేదు.

ఈ నడుమ విచారణ పత్రములలోనే యొక చిక్కు గానవచ్చెను. కొన్ని మండలముల సాక్షులు మూడవ సోదరిని ఎలిజబెత్ అనుటకు మాఱుగా ఇసబెల్ అని చెప్పిరి. గిల్బర్టు తండ్రికి మొదటి భార్యవలన ఇసబెల్ అను కుమార్తె నిజముగ కలదు. ఒక్క పత్రమునే చదివి తృప్తిచెందిన పరిశోధకుడు ఒకరి స్థానమున వేఱొకరిని నిలిపి వంశవృక్షమునే తాఱుమాఱు చేయును. పలు మండలముల పత్రములను ప్రక్కప్రక్కల నుంచి చూచినవానికే సత్యము గోచరించును.

పత్రములకు వేఱు లోపములును గలవు. వారసుని వయస్సు "ఇన్ని యేండ్లు, అంతకు మించి" యని స్థూలముగ నుండును. భూమి విలువ తఱచు తక్కువగ చూపబడును. జ్యేష్ఠుడున్నచో కనిష్ఠుల పేళ్లు సామాన్యముగ కానరావు. ఒక పత్రమును వేఱొక పత్రము సమర్థించినగాని నిర్ణయమునకు రారాదు.

మూడవ సోదరియైన ఎలిజబెత్ కథను మఱి కొంత వినుడు. ఎలినార్ భర్తయైన హ్యూ డిస్పెన్సరు రాజానుగ్రహముచే గర్వించి, మఱదండ్ర భాగములపై కన్ను వేసెను. ఎలిజబెత్ భర్త తిరుగుబాటుచేసి 1322లో మరణింపగా, ఆమెను నిర్బంధించి అస్కు అను వేల్సు భూమిని బలాత్కారముగ వదలించుకొనిరి. ఆమె 1326 మే నెలలో తనకు జరిగిన యన్యాయమును రహస్యముగ పత్రమున వ్రాయించి యుంచెను. ఆ యేటనే డిస్పెన్సరు ఉరిదీయబడెను. ఆమె భూమి యామెకు దక్కెను. పిదప ఆమె కేంబ్రిడ్జియందొక విద్యాలయమును పోషించి దానికి క్లేర్ నామమును స్థిరపఱచెను. అదియే నేటి క్లేర్ కళాశాల. ఆమె మనుమరాలు రాజకుమారుని వివాహమాడెను. ఆ సంతతివాడే 1461లో నాల్గవ ఎడ్వర్డను పేర ఇంగ్లండు సింహాసన మెక్కెను. పురుషసంతతితో అంతరించినదని చెప్పబడు వంశము ఒక కుమార్తెవలన సింహాసనమువఱకు నడచెను!

ఇందు మనకు ముఖ్యమైన దొక్కటి కలదు. ఆ సోదరీమణులవంటి సహవారసులకు ఆంగ్ల న్యాయశాస్త్రమున "కోపార్సెనర్లు" అని పేరు. అచ్చట ముఖ్యముగ ఆడుబిడ్డలకు జెల్లిన యా శబ్దము మన దేశపు న్యాయస్థానములలో హిందూ సమష్టి కుటుంబమందలి పురుషులకు మాత్రమే చెల్లెను. 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టము అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఆ హక్కు నొసగెను; 2005 నాటి కేంద్ర సవరణ దానిని కుమార్తెల కందఱకును విస్తరింపజేసెను. చట్టము మాఱినది. మన వంశవృక్షములు మాఱినవా? వానిలో తాతలు, తండ్రులు, కుమారులు వరుసగ గలరు. ఆడుబిడ్డలు పుట్టిన పేరైనను లేక మఱుగుపడుచున్నారు.

కావున సంఘసభ్యులకు మూడు మనవులు చేయుచున్నాను. మన యిండ్లలోని భాగపరిష్కార పత్రములు, దానపట్టాలు, వీలునామాలు, కోర్టు తీర్పులు చెదలపాలు కాకమునుపే వెలికిదీసి నకళ్లు వ్రాయింపుడు. పెద్దలు చెప్పిన మాటను గౌరవింపుడు గాని పత్రముతో సరిచూడకుండ అచ్చువేయింపకుడు. వంశవృక్షమున ప్రతి కుమార్తె పేరును, ఆమె మెట్టినింటి పేరును, ఆమె సంతతిని చేర్పుడు. కీర్తికొఱకు కల్పించిన పూర్వులకంటె, చిన్న కమతము సాగుచేసి నిజముగ జీవించిన పూర్వులే మనకు గౌరవపాత్రులు.